పాత కార్ల డ్యాష్‌బోర్డులో అదనపు ఇంజన్ గేజిలు

కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు లేని కొలత పరికరాలను యజమాని విడిగా కొని, ఇంజన్ పరిస్థితి కనిపెట్టడానికి డ్యాష్‌బోర్డులో బిగించుకుంటే వాటిని అదనపు గేజిలంటారు. మన షెడ్లలో వీటిని మీటర్లనే అంటారు: ఆయిల్ మీటరు, టెంపరేచర్ మీటరు, ఆంప్ మీటరు. ఆయిల్ పీడనం, నీటి వేడి, బ్యాటరీ చార్జింగు చూపే మూడు గేజిలు వీటిలో ముఖ్యమైనవి. ఇంజన్ తిరిగే వేగం, మానిఫోల్డు వాక్యూమ్, ఆయిల్ వేడి, గాలి-పెట్రోల్ నిష్పత్తి చూపేవి ఆ తరవాత వస్తాయి.

ముప్ఫై, నలభై, అరవై ఏళ్ళు తిరిగిన ఇంజన్‌కు వీటి అవసరం ఎక్కువ. అలాంటి ఇంజన్‌కు విడిభాగాలు దొరకడం కష్టం. ఒక్కసారి బేరింగులు పట్టేసినా, హెడ్ వంగినా బాగు చేయించే ఖర్చు కారు విలువతో పోటీ పడుతుంది. గేజి ఆ నష్టాన్ని ముందుగా పసిగట్టే అవకాశం ఇస్తుంది. అయితే గేజి చూపేది తన సెన్సార్ కూర్చున్న చోటి సంగతి మాత్రమే. సెన్సార్ తప్పు చోట ఉన్నా, ఎర్త్ సరిగా లేకపోయినా, సెన్సార్‌కూ గేజికీ జోడీ కుదరకపోయినా ముల్లు అబద్ధం చెబుతుంది. అందుకే గేజి ఎంపిక కన్నా అమరికలో తీసుకునే శ్రద్ధకే ఎక్కువ విలువ.

దీపం, ముల్లు

చాలా పాత కార్లలో ఆయిల్ పీడనానికి ఒక ఎర్ర దీపం మాత్రమే ఉంటుంది. దాన్ని వెలిగించే స్విచ్ సాధారణంగా 5 పీఎస్‌ఐ అటూఇటూగా పీడనం పడిపోయినప్పుడు పనిచేస్తుంది. బాగున్న ఇంజన్ రోడ్డు మీద 50 పీఎస్‌ఐ చూపాలనుకుందాం. అది అరిగిపోయో, ఆయిల్ తగ్గిపోయో 15కు దిగినా దీపం వెలగదు. వెలిగే సమయానికి బేరింగుల మీది ఆయిల్ పొర పోయి, లోహానికి లోహం రాసుకుంటూ ఉండవచ్చు. గేజి ఉంటే 50 కాస్తా 45, 40, 35 అవుతున్న తీరు వారాల ముందే కనిపిస్తుంది.

దీపానికి ఉన్న సుగుణం వేరు. రోడ్డు మీద చూపు ఉన్నప్పుడు ముల్లు కదలిక తప్పిపోవచ్చు గానీ ఎర్ర వెలుగు తప్పిపోదు. కాబట్టి గేజి పెట్టినా దీపాన్ని తీసేయకుండా రెండూ పనిచేసేలా అమర్చడమే అనుభవజ్ఞులు పాటించే పద్ధతి.

చరిత్ర

ఆవిరి యంత్రాల కాలంలోనే ఈ పరికరాలకు పునాది పడింది. ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ బోర్డాన్ 1849లో పేటెంటు పొందిన వంపు గొట్టం నేటికీ మెకానికల్ ఆయిల్ గేజిల గుండెకాయ. కార్లు వచ్చిన తొలి దశకాల్లో డ్రైవర్ల పెద్ద బెంగ నీళ్ళు మరగడం. 1910లలో అమెరికాలో ‘బాయిస్ మోటోమీటర్’ అనే థర్మామీటరు ప్రచారంలోకి వచ్చింది. రేడియేటర్ మూత మీద నిలబడే ఆ పరికరాన్ని సీట్లో కూర్చునే చూడగలిగేవారు. కారుకు ముందున్న అలంకారంగా కూడా అది పేరు తెచ్చుకుంది.

తరవాతి కాలంలో కొలతలు డ్యాష్‌బోర్డు మీదికి చేరాయి. బ్రిటన్‌లో స్మిత్స్, జేగర్, జర్మనీలో వీడీఓ, ఇటలీలో వేలియా బోర్లెట్టి, అమెరికాలో స్టూవర్ట్-వార్నర్ ఈ రంగంలో ప్రసిద్ధికెక్కాయి. రేసు కార్ల గేజిలతో పేరు తెచ్చుకున్న ఆటో మీటర్ అమెరికాలో 1957లో మొదలైంది.

రెండో ప్రపంచ యుద్ధం తరవాత చవక కార్లు వెల్లువెత్తినప్పుడు గేజిల స్థానాన్ని దీపాలు ఆక్రమించాయి. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో 1960ల మొదటిదాకా పెట్రోల్ గేజి కూడా లేదు. ట్యాంకు అడుగంటితే రిజర్వు ట్యాపు తిప్పుకోవాలి. 1959లో వచ్చిన మినీలో డ్యాష్ మధ్యన ఒకే గుండ్రని స్పీడోమీటరు, దాని లోపల పెట్రోల్ గేజి, దీపాలు ఉండేవి. 1961లో వచ్చిన మినీ కూపర్‌లో దానికి అటూ ఇటూ ఆయిల్ పీడనం, నీటి వేడి చూపే గేజిలు చేర్చి కోడిగుడ్డు ఆకారపు పలకలో అమర్చారు. అదే ఏడాది వచ్చిన జాగ్వార్ ఈ-టైప్ డ్యాష్ మధ్యలో చిన్న గేజిలు వరసకట్టి ఉండేవి. మామూలు కారు కొన్నవారికి అలాంటి వరస తమ కారులోనూ ఉండాలనిపించడం సహజం. ఆ కోరికా, ఇంజన్ మీది శ్రద్ధా కలిసి అదనపు గేజిల మార్కెట్‌ను పెంచాయి.

లోపలి యంత్రాంగం

అదనపు గేజిలు పనిచేసే తీరును బట్టి నాలుగు రకాలు.

మెకానికల్ పీడన గేజి: ఇంజన్ నుంచి సన్నని గొట్టంలో ఆయిల్ నేరుగా గేజి వెనక్కి వస్తుంది. చదునుగా నొక్కి వంచిన బోర్డాన్ గొట్టం పీడనం పెరిగేకొద్దీ నిటారు కావాలని చూస్తుంది. ఆ చిన్న కదలికను పళ్ళ చక్రం పెద్దది చేసి ముల్లును తిప్పుతుంది. దీనికి కరెంటు అక్కర్లేదు. స్పందన తక్షణం. చిక్కల్లా వేడి ఆయిల్ కారు లోపలికి రావడమే.

మెకానికల్ ఉష్ణోగ్రత గేజి: ఇందులోనూ బోర్డాన్ గొట్టమే ఉంటుంది. ఇంజన్‌లో ముంచిన లోహపు బుడిపెలో ఈథర్ వంటి త్వరగా ఆవిరయ్యే ద్రవం ఉంటుంది. వేడికి పెరిగిన దాని ఆవిరి పీడనం వెంట్రుకంత రంధ్రమున్న గొట్టం గుండా గేజికి చేరుతుంది. బుడిపె, గొట్టం, గేజి ఒకే సీలు చేసిన వస్తువు. గొట్టాన్ని కోసినా, మడతపడి చిట్లినా గేజి మొత్తం పోయినట్టే.

ద్విలోహ విద్యుత్ గేజి: రెండు లోహాలు అతికిన పట్టీ చుట్టూ సన్నని హీటర్ తీగ ఉంటుంది. సెన్సార్ గుండా పోయే కరెంటును బట్టి పట్టీ వేడెక్కి వంగుతుంది, ముల్లు నెమ్మదిగా లేస్తుంది. బ్యాటరీ వోల్టేజి మారితే రీడింగు మారిపోతుంది కాబట్టి ఈ రకం గేజిలున్న బ్రిటిష్ కార్లలో సగటున 10 వోల్టులిచ్చే స్టెబిలైజర్ పెట్టారు. డ్యాష్‌లోని పెట్రోల్ గేజి, టెంపరేచర్ గేజి రెండూ ఒకేసారి ఎక్కువ చూపుతుంటే మొదట అనుమానించాల్సింది ఆ స్టెబిలైజర్‌నూ, దాని ఎర్త్‌నూ.

అయస్కాంత విద్యుత్ గేజి: తీగచుట్టల మధ్య తిరిగే అయస్కాంతం ముల్లును నడుపుతుంది. వోల్టేజి మార్పుల ప్రభావం తక్కువ, స్పందన చురుకు. విద్యుత్తుతో పనిచేసే అదనపు గేజిలు చాలావరకు ఈ రకానివే. ఇటీవలి ఎలక్ట్రానిక్ గేజిల్లో చిన్న స్టెప్పర్ మోటారు ముల్లును తిప్పుతుంది.

ముఖ్యమైన గేజిలు

ఆయిల్ పీడనం: ఒక్క గేజికే చోటుంటే ముందు దీన్నే పెట్టాలి. అమెరికన్ వీ-8 ఇంజన్లకు వేయి చుట్లకు 10 పీఎస్‌ఐ ఉండాలని పాత మెకానిక్‌ల లెక్క. ఎంజీబీ వంటి బ్రిటిష్ ఇంజన్లలో వేడెక్కాక రోడ్డు మీద 50 నుంచి 80, ఐడ్లింగులో 10 నుంచి 25 పీఎస్‌ఐ దాకా మామూలే. చల్లని ఇంజన్‌లో చిక్కని ఆయిల్ వల్ల పీడనం ఎక్కువగా ఉంటుంది, కాబట్టి పోలిక ఎప్పుడూ వేడి ఇంజన్‌తోనే చేయాలి. మలుపు తిరిగినప్పుడు ముల్లు ఒక్కసారి పడి మళ్ళీ లేస్తే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్‌లో ఆయిల్ తగ్గి, పంపు గాలి పీలుస్తోందని అర్థం.

నీటి వేడి: అనేక పాత ఇంజన్లలో థర్మోస్టాట్ 82 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెరుచుకుంటుంది. ఆ పైన కొద్ది డిగ్రీల మధ్య ముల్లు నిలకడగా ఉండాలి. 7 పీఎస్‌ఐ రేడియేటర్ మూత సరిగా పట్టి ఉంటే నీళ్ళు 111 డిగ్రీల దాకా మరగవు. మూత రబ్బరు పోతే ఆ రక్షణ పోయి 100 దగ్గరే మరుగుతాయి.

ఆంప్ మీటరు, వోల్ట్ మీటరు: ఆంప్ మీటరు బ్యాటరీలోకి పోయే, బ్యాటరీ నుంచి వచ్చే కరెంటును చూపుతుంది. అందుకోసం కారు కరెంటు దాదాపు అంతా డ్యాష్‌లోకి వచ్చి, గేజి గుండా పోవాలి. 22 ఆంపుల డైనమో కాలంలో దీనితో చిక్కు రాలేదు. డైనమో తీసి 45, 60 ఆంపుల ఆల్టర్నేటర్ పెట్టాక పాత 30 ఆంపుల మీటరును అలాగే ఉంచితే దాని బోల్టులు వేడెక్కి, తీగల తొడుగు కరిగి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. వోల్ట్ మీటరుకు సన్నని తీగ, చిన్న ఫ్యూజు చాలు. పూర్తి చార్జిలో ఉన్న బ్యాటరీ ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు, ఆల్టర్నేటర్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 వోల్టులు చూపాలి. కొత్తగా పెట్టుకునేవారికి వోల్ట్ మీటరే మేలు.

టాకోమీటరు: ఇంజన్ చుట్లను చూపుతుంది. పెట్రోల్ కారులో కాయిల్ నెగటివ్ కొసకు కలిపే రకమే ఎక్కువ. 1960లలో స్మిత్స్ చేసిన ఒక రకం కాయిల్‌కు వెళ్ళే తెల్ల తీగను తన వెనకనున్న మెలిక గుండా తిప్పుకుని, అందులోని కరెంటు తుంపులను లెక్కపెట్టేది. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెడితే ఆ రకం తప్పు చూపవచ్చు, ఆగిపోనూవచ్చు.

వాక్యూమ్ గేజి: ఇన్లెట్ మానిఫోల్డులోని పీల్పును చూపుతుంది. సముద్ర మట్టం దగ్గర బాగున్న ఇంజన్ ఐడ్లింగులో 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపి నిలకడగా ఉండాలి. ముల్లు లయగా కొట్టుకుంటే ఒక వాల్వు సరిగా మూసుకోవడం లేదని, మొత్తంగా తక్కువ ఉంటే టైమింగు వెనకబడిందనో గాలి లీకనో అనుమానించాలి. ఎత్తు వేయి అడుగులు పెరిగితే రీడింగు అంగుళం దాకా తగ్గుతుంది. విశాఖలో 19 చూపిన ఇంజన్ హైదరాబాద్‌లో 17 పైచిలుకు చూపితే అది రోగం కాదు, ఊరి ఎత్తు.

గాలి-పెట్రోల్ నిష్పత్తి: సైలెన్సర్ గొట్టానికి వెల్డు చేసిన బొడిపెలో వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్ బిగించి, మిశ్రమం చిక్కనా పలచనా అని చూసే గేజి ఇది. స్వచ్ఛమైన పెట్రోల్ పూర్తిగా మండడానికి 14.7 పాళ్ళ గాలి కావాలి. ఇథనాల్‌లో కొంత ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు 13.6 లోపు సరిపోతుంది. పాత జెట్లతో ఉన్న కార్బురేటర్ ఈ ఇంధనాన్ని పలచగా ఇస్తుంది, ఇంజన్ వేడెక్కుతుంది. భారతదేశంలో 2025 నాటికి 20 శాతం ఇథనాల్ మిశ్రమం మామూలైపోయింది గనుక, పాత కారు జెట్లు మార్చి కుదుర్చుకునేవారికి ఈ గేజి ఇప్పుడు నిజంగా ఉపయోగం. అది శాశ్వతంగా డ్యాష్‌లో ఉండక్కర్లేదు. కార్బురేటర్ కుదిరాక తీసి దాచుకోవచ్చు.

ఎంపిక

చిన్న గేజిల కొలత ప్రపంచమంతటా దాదాపు ఒకటే: 52 మిల్లీమీటర్లు. ఇప్పుడు 60 మిల్లీమీటర్లవీ వస్తున్నాయి గానీ పాత డ్యాష్‌లలో అవి ఇమడవు. నల్లని ముఖం, తెల్ల అంకెలు, క్రోమ్ అంచు ఉన్న గేజి పాత పరికరాల పక్కన కలిసిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం సెన్సార్ జోడీ. వీడీఓ పీడన సెన్సార్ల నిరోధం 10 ఓములతో మొదలై పీడనం పెరిగేకొద్దీ 180 దాకా పెరుగుతుంది. అమెరికన్ పద్ధతి సెన్సార్లలో 240 నుంచి 33కు తగ్గుతుంది. ఒకదాని గేజికి మరొకదాని సెన్సార్ కలిపితే ముల్లు తిరగబడి నడుస్తుంది. అందువల్ల గేజి, సెన్సార్ ఒకే కంపెనీవి, ఒకే జతగా కొనాలి.

రెండోది మర. ఇంజన్ బ్లాకులో రంధ్రం బ్రిటిష్ కార్లలో 1/8 బీఎస్‌పీ కావచ్చు, అమెరికన్ కార్లలో 1/8 ఎన్‌పీటీ, యూరప్ కార్లలో తరచుగా ఎం10. మొదటి రెండూ చూపుకు కవలలు. ఒకదానికి అంగుళానికి 28 మరలు, రెండోదానికి 27. మరల కోణాలు కూడా వేరు. తప్పు సెన్సార్ రెండు చుట్లు సాఫీగా ఎక్కి తరవాత బిగుసుకుంటుంది. అక్కడ బలం చూపితే ఇనుప బ్లాకు మరలు చెడతాయి, సెన్సార్ బిగించే ఇత్తడి టీ ఆకారపు ముక్క పగులుతుంది. మర గేజితో సరిచూసుకోవడానికి పట్టేది ఒక్క నిమిషం.

మూడోది ఎర్త్ ధ్రువం. 1960ల రెండో సగం దాకా చాలా బ్రిటిష్ కార్లు పాజిటివ్ ఎర్త్‌వి. ఎంజీబీ 1967లో నెగటివ్‌కు మారింది. ద్విలోహ గేజికి ధ్రువంతో పని లేదు. ఎలక్ట్రానిక్ టాకోమీటరు, ఎల్‌ఈడీ బల్బు, వైడ్‌బ్యాండ్ గేజి చాలావరకు నెగటివ్ ఎర్త్ లేకపోతే పనిచేయవు, తప్పుగా కలిపితే కాలిపోతాయి కూడా. బ్యాటరీ ఏ కొస బాడీకి కలిసి ఉందో చూశాకే కొనుగోలు.

డ్యాష్‌లో చోటు

కంపెనీ డ్యాష్‌కు కొత్త రంధ్రం కొట్టడం చివరి మార్గంగానే ఉండాలి. రేకు డ్యాష్‌ను కోస్తే మళ్ళీ మొదటిలా చేయడం వెల్డింగు, పెయింటు పని. చెక్క డ్యాష్ పైపొర చిట్లితే అతుకు కనిపిస్తూనే ఉంటుంది. దానికన్నా డ్యాష్ కింద రెండు మూడు గేజిలు పట్టే రేకు పలకను ఉన్న మరలకే బిగించడం సులువు. ఖాళీగా ఉన్న రేడియో చోటులో సరిపోయే పలక కోసి పెట్టవచ్చు. గ్లవ్ బాక్సు మూత వెనక దాస్తే కారు ప్రదర్శనకు వెళ్ళినప్పుడు మూత వేస్తే చాలు.

చోటు ఎంచేటప్పుడు స్టీరింగు వెనక కూర్చుని చూడాలి. ముల్లు చేయి అడ్డం పడకుండా, రోడ్డు మీదినుంచి చూపు ఎక్కువ సేపు తిప్పకుండా కనిపించాలి. ఆయిల్ గేజిది మొదటి హక్కు. రేసు కార్ల నుంచి వచ్చిన మంచి అలవాటు ఒకటుంది: మామూలు రీడింగు వద్ద ప్రతి ముల్లూ నిటారుగా పైకి ఉండేలా గేజిలను తిప్పి బిగించడం. అప్పుడు అంకెలు చదవక్కర్లేదు. పక్కకు వాలిన ముల్లు తానే కంట పడుతుంది. అంకెలు వాలి ఉండటం పాత డ్యాష్‌లో అందం చెడగొడుతుందనుకునేవారు గేజి గాజు అంచున చిన్న చుక్క పెట్టుకుంటారు.

అమర్చే విధానం

పని మొదలు పెట్టే ముందు బ్యాటరీ ఎర్త్ కొస విప్పాలి. డ్యాష్ వెనక పాత తీగల తొడుగు పెళుసుబారి ఉంటుంది, స్పానర్ జారితే అక్కడే మంట.

ఆయిల్ పీడనం కోసం దీపపు స్విచ్ విప్పి, ఆ చోట టీ ముక్క బిగించి, ఒక కొమ్మకు స్విచ్, మరో కొమ్మకు గేజి సెన్సార్ పెడతారు. సెన్సార్ బరువుగా ఉండి, పొడవాటి టీ మీద వేలాడితే ఇంజన్ అదురుకు మెడ విరుగుతుంది. అలాంటప్పుడు టీ దగ్గర నుంచి అల్లిన స్టీలు హోసు తీసి, సెన్సార్‌ను బాడీకి పట్టీతో బిగించి, దానికి విడిగా ఎర్త్ తీగ ఇవ్వడం మంచిది. మరలకు టెఫ్లాన్ టేపు మందంగా చుడితే రెండు నష్టాలు: ఎర్త్ తెగవచ్చు, తునక విరిగి ఆయిల్ దారిలో పడవచ్చు. మొదటి ఒకటి రెండు మరలు వదిలి, పలచగా సీలెంటు రాస్తే చాలు.

మెకానికల్ గేజి అయితే గొట్టం మీదే ప్రాణం. ప్లాస్టిక్ గొట్టం చవక, కానీ సైలెన్సర్ మానిఫోల్డు దగ్గరికి వెళితే కరుగుతుంది. రాగి గొట్టం అదురుకు గట్టిపడి పగులుతుంది కాబట్టి ఇంజన్ దగ్గర రెండు మూడు చుట్లు స్ప్రింగులా తిప్పి వదలాలి. పెట్రోల్ పీడనం చూపే మెకానికల్ గేజిని మాత్రం ఎన్నడూ కారు లోపల పెట్టకూడదు. గొట్టం లీకైతే పెట్రోల్ ఒళ్ళో పడుతుంది.

నీటి వేడి సెన్సార్‌కు తగిన చోటు సిలిండర్ హెడ్‌లో, థర్మోస్టాట్‌కు ఇంజన్ వైపున. పై హోసును కోసి మధ్యలో పెట్టే గొట్టపు అడాప్టర్ సులువే గానీ, థర్మోస్టాట్ తెరుచుకునే దాకా అక్కడికి వేడి నీళ్ళు రావు. పైగా రబ్బరు హోసుల మధ్య ఉన్న అడాప్టర్‌కు ఎర్త్ తగలదు, తీగ వేయాలి. సెన్సార్ ఎక్కడున్నా ఒక పరిమితి తప్పదు: నీళ్ళు పూర్తిగా కారిపోతే అది గాలిలో వేలాడి తక్కువ చూపవచ్చు. వేడి ముల్లు ఉన్నట్టుండి కిందికి పడితే సంతోషించకుండా బండి ఆపి చూడాలి. అయితే రేడియేటర్ మూత మాత్రం చల్లారేదాకా తెరవకూడదు.

తీగలు ఇంజన్ గదిలోంచి లోపలికి వచ్చే ప్రతి రంధ్రానికి రబ్బరు బుష్ ఉండాలి. పదునైన రేకు అంచు నెలల తరబడి తొడుగును కోసి ఒకరోజు షార్టు చేస్తుంది. గేజిలకు కరెంటు ఇగ్నిషన్ స్విచ్ వేసినప్పుడే వచ్చే తీగ నుంచి, విడిగా 3 ఆంపుల ఫ్యూజు ద్వారా తీసుకోవాలి. లూకాస్ పద్ధతి బ్రిటిష్ కార్లలో రంగులే దారి చెబుతాయి: ఆకుపచ్చ తీగ స్విచ్ తరవాత ఫ్యూజుతో వచ్చేది, తెలుపు ఫ్యూజు లేనిది, గోధుమ ఎప్పుడూ కరెంటు ఉండేది, ఎరుపు మీద తెల్లచార డ్యాష్ దీపాలది, నలుపు ఎర్త్. గేజి లోపలి చిన్న బల్బును ఆ ఎరుపు-తెలుపు తీగకు కలిపితే పాత దీపాలతో పాటే వెలుగుతుంది, వాటితో పాటే మసకబారుతుంది. ఉన్న తీగను గీరి కొత్త తీగ చుట్టి టేపు వేయడం మన రోడ్డు పక్క పనుల్లో మామూలే. ఎండకు ఆ టేపు జిగురు కరిగి ఊడిపోతుంది. నొక్కి బిగించే టెర్మినల్, దాని మీద వేడికి ముడుచుకునే తొడుగు పదేళ్ళు నిలుస్తాయి.

గేజిల ఎర్త్‌లన్నీ ఒకే తీగకు చేర్చి, పెయింటు గీకిన గట్టి లోహానికి బిగించాలి. హెడ్‌లైట్ వేయగానే వేడి ముల్లు పెరిగితే ఇంజన్‌లో ఏమీ జరగలేదు, ఎర్త్ బలహీనంగా ఉంది.

సరిచూడటం

బిగించాక నమ్మే ముందు పరీక్షించాలి. టెంపరేచర్ గేజికి వంటింటి పరీక్ష చాలు: సెన్సార్‌ను మరుగుతున్న నీటి గిన్నెలో ముంచి, దాని లోహపు ఒంటికి ఎర్త్ తీగ కలిపి ముల్లు చూడాలి. కాకినాడలో 100 డిగ్రీలు రావాలి. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, అక్కడ నీళ్ళు 98 దగ్గరే మరుగుతాయి. ఆయిల్ గేజిని షెడ్డులోని మెకానికల్ పరీక్ష గేజితో, వోల్ట్ మీటరును మల్టీమీటరుతో పోల్చాలి. తేడా ఉంటే ఆ తేడాను రాసి పెట్టుకోవాలి. ఇంజన్ మొదటిసారి నడిపినప్పుడు ప్రతి అతుకునూ కాగితంతో తుడిచి చూడాలి. తడి కనిపిస్తే అక్కడే ఆపాలి.

భారతీయ పాత కార్లు

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి పుట్టిన హిందుస్థాన్ అంబాసిడర్ 1950ల చివర మొదలై 2014 దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైంది. దాని 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ బ్రిటన్ బీఎంసీ బీ-సిరీస్ కుటుంబానిది. ఎంజీఏ స్పోర్ట్స్ కారుకూ తొలుత ఇదే 1489 సీసీ ఇంజన్, ఎంజీబీది అదే కుటుంబపు 1798 సీసీ. అందువల్ల ఆ కార్ల గేజి అనుభవం అంబాసిడర్ యజమానికి చాలావరకు పనికొస్తుంది. ఫియట్ 1100 నుంచి వచ్చిన ప్రీమియర్ పద్మిని ఇటలీ వంశానిది కాబట్టి దానికి మెట్రిక్ కొలతలు చూసుకోవాలి. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ బ్రిటిష్ ట్రయంఫ్ సంతానం.

అంబాసిడర్లలో డీజిల్‌వి చాలా ఉన్నాయి. డీజిల్ ఇంజన్‌కు కాయిల్ ఉండదు కాబట్టి మామూలు టాకోమీటరు పనిచేయదు, ఆల్టర్నేటర్ ‘డబ్ల్యూ’ టెర్మినల్ నుంచి సంకేతం తీసుకునే రకం కావాలి. పెట్రోల్ ఇంజన్ మీద వాక్యూమ్ గేజి చెప్పే కబుర్లు డీజిల్ మీద చెప్పదు.

మన వేసవిలో, తిరుమల, అరకు ఘాట్ రోడ్ల మీద టెంపరేచర్ గేజి విలువ తెలుస్తుంది. తక్కువ గేరులో నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడు రేడియేటర్‌కు గాలి తక్కువ, ఇంజన్‌కు బరువు ఎక్కువ. ముల్లు 95 దాటి ఎక్కుతూనే ఉందని చూసినవాడు మలుపు దగ్గర నీడ చూసుకుని ఆగుతాడు. అది చూసే వీలు లేనివాడికి మొదటి కబురు బానెట్ కింది ఆవిరే.

మూలరూప రక్షణ

పాత కారు ఒక కాలపు పనితనానికి సాక్ష్యం. ముప్ఫై ఏళ్ళు దాటిన వాహనాలను చారిత్రకమైనవిగా చూసే అంతర్జాతీయ సమాఖ్య ఫివా, కట్టడాల రక్షణకు 1964లో వచ్చిన వెనిస్ చార్టర్ స్ఫూర్తితో ట్యూరిన్ చార్టర్‌ను ఆమోదించింది. మార్పు తప్పనిసరైతే వెనక్కి తీసుకునే వీలుండాలన్నది ఆ చార్టర్ చూపే దారి. భారతదేశంలో 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, మూలరూపంలో ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు జరగని ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్‌గా ‘వీఏ’ అక్షరాలున్న నంబరుతో నమోదు చేసుకోవచ్చు.

డ్యాష్ కింద మరలతో బిగించిన పలక ఆ మూలరూపాన్ని చెరపదు. ఈ ఉద్దేశంతో పనిచేసేవారు కొన్ని నియమాలు పాటిస్తారు. పాత తీగల కట్టను కోయరు, పక్కన చిన్న కొత్త కట్ట వేసి ప్లగ్గుతో కలుపుతారు. తీసిన ప్రతి స్విచ్, మర, మూత ఒక సంచిలో పేరు రాసి దాస్తారు. ఏ తీగ ఎక్కడికి వెళుతుందో బొమ్మ గీసి కారు కాగితాల్లో పెడతారు. పాతికేళ్ళ తరవాత ఆ కారు కొన్నవారికి ఆ ఒక్క కాగితం రోజుల వెతుకులాట తప్పిస్తుంది.

ముల్లుతో పరిచయం

పుస్తకంలోని అంకెలు ఒక జాతి ఇంజన్లకు చెందినవి. ఒక్కో ఇంజన్ అరుగుదల, ఆయిల్ గ్రేడు, సెన్సార్ స్వభావాన్ని బట్టి దానికి తనదైన మామూలు స్థితి ఉంటుంది. గేజిలు బిగించిన మొదటి నెల ఆ మామూలును నేర్చుకోవడానికే: పొద్దున చల్లగా స్టార్టు చేసినప్పుడు, అరగంట నడిచాక, మధ్యాహ్నం ట్రాఫిక్‌లో, ఐడ్లింగులో ఎంతెంత చూపుతోందో చిన్న పుస్తకంలో రాసుకోవాలి. ఆయిల్ మార్చినప్పుడు మళ్ళీ రాయాలి. ఆ తరవాత ఏనాడైనా వేడి ఇంజన్ ఐడ్లింగులో 20కి బదులు 14 చూపితే, 14 మంచిదా చెడ్డదా అని ఎవరినీ అడగక్కర్లేదు. ఆరు పీఎస్‌ఐ ఎక్కడికి పోయిందో వెతకాలని పుస్తకమే చెబుతుంది. ఆ వెతుకులాట షెడ్డులో, చల్లని ఇంజన్ మీద, తీరిగ్గా జరగడం కోసమే ఇంత అమరిక.